కాలిఫోర్నియా ఓటరు సమాచార పుస్తకం: ముందుగా చదవవలసిన పేజీలు

నవంబరు ఎన్నికలకు కొన్ని వారాల ముందు ఉచితంగా ఇంటికి వచ్చే ఈ లావుపాటి పుస్తకాన్ని పక్కన పడేయవద్దని కాలిఫోర్నియాలో ఓటున్న తెలుగువారికి నా మనవి. ఈ రాష్ట్రంలో 1911 నుంచి పౌరులే చట్టాన్ని రాసి, గత గవర్నరు ఎన్నికలో పోలైన ఓట్లలో 5 శాతానికి సమానమైన సంతకాలు, రాజ్యాంగ సవరణకైతే 8 శాతం, సేకరించి నేరుగా ప్రజల తీర్పుకు పెట్టవచ్చు. చట్టసభ పంపేవి వీటికి అదనం. 2024 నవంబరులో మొత్తం పది ప్రతిపాదనలు వచ్చాయి. వాటిని వివరించేదే ఈ పుస్తకం.

పుస్తకంలో నాకు బాగా పనికొచ్చినవి శాసన విశ్లేషకుల కార్యాలయం రాసిన పేజీలు. ఏ పార్టీకీ చెందని ఈ కార్యాలయం ఇప్పటి చట్టం ఏమిటో, ఏది మారుతుందో, ఖజానాపై ఎంత భారం పడుతుందో నిదానంగా వివరిస్తుంది. ఆ తర్వాతి అనుకూల, ప్రతికూల వాదనలను ఏ ప్రభుత్వ సంస్థా సరిచూడలేదని అదే పేజీలో అచ్చువేస్తారు కనుక వాటిని చివరికి ఉంచుకోవడం మంచిది. అయితే ముద్రణకు ముందు 20 రోజులు ప్రతిని అందరికీ అందుబాటులో ఉంచుతారు. తప్పుదోవ పట్టించే వాక్యంపై ఏ ఓటరైనా కోర్టుకు వెళ్లవచ్చు. ఈ ఏర్పాటు నాకెంతో నచ్చింది.

లోపమల్లా భాషలోనే ఉంది. జైళ్లలో శిక్షగా బలవంతపు పని చేయించడాన్ని నిషేధించే 2024 నాటి 6వ ప్రతిపాదనకు వ్యతిరేకంగా పుస్తకంలో ఒక్క వాదన కూడా లేదు, అయినా అది ఓడిపోయింది. అదే రోజు నెవాడాలో, ప్రశ్నలోనే ‘బానిసత్వం’ అన్న మాటున్న ఇలాంటి ప్రతిపాదన గెలిచింది. 6వ ప్రతిపాదనలో వాడిన ‘ఇన్‌వాలంటరీ సర్విట్యూడ్’ (బలవంతపు చాకిరి) అన్న న్యాయ పరిభాష చాలామందికి అందలేదనే నేను నమ్ముతున్నాను.

హిందీతో సహా పది భాషల్లో వచ్చిన ఆ పుస్తకం తెలుగులో రాలేదు. కొత్తగా పౌరసత్వం పొందిన మా అత్తగారికి విశ్లేషణ పేజీలను నేనే తెలుగు చేసి చెప్పాను. ఒక్కో ప్రతిపాదనకు అరగంట పట్టింది. ఆమెది నల్లగొండ జిల్లా. 6వ ప్రతిపాదన దగ్గర మాత్రం ‘వెట్టిచాకిరి’ అనగానే, ఇక వివరించనవసరం లేదని చెప్పి కలం అందుకున్నారు.