2019లో సొంతంగా బిగించుకున్న సోలార్: ఇన్నేళ్ల వాడకం తర్వాత

తెనాలిలో మా డాబా మీద 330 వాట్ల పాలీ (పాలీక్రిస్టలైన్ రకం) సోలార్ ప్యానెళ్లు పది ఉన్నాయి. మొత్తం 3.3 కిలోవాట్లు. ఎవరి దగ్గరా ప్యాకేజీగా తీసుకోలేదు. ప్యానెళ్లు, వాటి డీసీ కరెంటును ఇంటికి పనికొచ్చే ఏసీ కరెంటుగా మార్చే ఇన్వర్టరు, కేబుళ్లు విడివిడిగా చూసి కొన్నాను. స్టాండు మా వీధి చివర వెల్డరు చేశాడు. గ్రిడ్‌కు, అంటే కరెంటు సంస్థ లైనుకు, కలిపే పని, ఎర్తింగు పరీక్ష, నెట్ మీటరు దరఖాస్తు మాత్రం లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు చేతే చేయించాను. 2019 నుంచి నడుస్తోంది. చూడటానికి వచ్చిన ప్రతివారూ ముందుగా అడిగేది ప్యానెల్ ఏ కంపెనీది అని. ఇన్నేళ్లలో నాకు ఏ ఇబ్బందీ పెట్టనివి ఆ ప్యానెళ్లే. మంచైనా చెడైనా వాటి కింద ఉంది. స్టాండులో, కేబుల్ జాయింట్లలో, ఇంటి నుంచి మీటరు దాకా వెళ్లే వైరులో ఉంది.

ముందు యూనిట్ల సంగతి. మార్చిలో రోజుకు 15 యూనిట్ల దాకా వస్తాయి. మే నెలలో ఇంకా పెరగాలి కదా అనిపిస్తుంది, పెరగవు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలో 13 రావడమే గొప్ప. ప్యానెల్ వేడి 25 డిగ్రీలు దాటాక ఒక్కో డిగ్రీకి సుమారు 0.4 శాతం చొప్పున ఉత్పత్తి తగ్గుతుంది. మధ్యాహ్నం దాని వీపు 65 డిగ్రీలకు చేరితే దాదాపు ఆరో వంతు అక్కడే పోయినట్లు. అందుకే ప్యానెళ్లను డాబాకు అంటించినట్లు పెట్టకుండా ఎనిమిది అడుగుల ఎత్తున వేయించాను. కింద గాలి ఆడుతుంది. ఆ నీడ వల్ల పై గది కూడా చల్లబడింది. ముసురు పట్టిన రోజుల్లో మూడు నాలుగు యూనిట్లే. దానికి చేయగలిగింది లేదు.

బ్యాటరీ పెట్టలేదు. పగలు మిగిలింది లైనులోకి వెళ్తుంది, రాత్రి మనకు కావలసింది లైను నుంచి వస్తుంది, నెట్ మీటరు రెండింటినీ వేరువేరుగా లెక్కిస్తుంది. బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోసే పని, నాలుగైదేళ్లకోసారి దాన్ని మార్చే ఖర్చు తప్పాయి.

అయితే కరెంటు పోతే సోలార్ కూడా ఆగిపోతుంది. మిట్టమధ్యాహ్నం ఎండ కాస్తున్నా సరే. కొత్తగా పెట్టించుకున్నవాళ్లలో సగం మంది దీన్ని లోపమనుకుంటారు. లైన్‌మన్ స్తంభమెక్కి, లైను చచ్చిపోయి ఉందని నమ్మి వైరు పట్టుకున్నప్పుడు మన డాబా మీది కరెంటు అతని చేతికి రాకూడదు. అందుకే గ్రిడ్ పోయిన వెంటనే ఇన్వర్టరు తనంతట తాను విడిపోవాలి. జనరేటరునో ఇంట్లోని పాత బ్యాటరీ ఇన్వర్టరునో గ్రిడ్‌లా చూపించి సోలార్ ఇన్వర్టరును నడిపించవచ్చని కొందరు సలహా ఇస్తారు. దయచేసి ఆ జోలికి వెళ్లకండి. కోతల్లోనూ కరెంటు కావాలంటే బ్యాటరీతో పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టరు వేరే ఉంది, ఖర్చు ఎక్కువ, అంతే.

ఇన్నేళ్లలో నన్ను ఎక్కువగా విసిగించింది వోల్టేజీ. ఫిబ్రవరి, మార్చి మధ్యాహ్నాల్లో ఆకాశం నిర్మలంగా ఉంటుంది, చుట్టుపక్కల ఇళ్లలో ఏసీలు ఇంకా మొదలవవు. సరిగ్గా మంచి ఉత్పత్తి వచ్చే ఆ గంటల్లోనే ఇన్వర్టరు తెర మీద ఎర్రదీపం వెలిగి, గ్రిడ్ వోల్టేజీ ఎక్కువైందని చూపించి విడిపోయేది. కాసేపటికి మళ్లీ కలిసేది, మళ్లీ విడిపోయేది. ఇన్వర్టరు పాడైందని అందరూ అన్నారు. మల్టీమీటరుతో చూస్తే మీటరు దగ్గర 251 వోల్టులు, డాబా మీద ఇన్వర్టరు దగ్గర 257. మా ఇన్వర్టరు హద్దు 255. ఆ ఆరు వోల్టుల తేడా అంతా మధ్యలో ఉన్న ముప్పై మీటర్ల సన్నటి వైరుది. కరెంటును బయటికి నెట్టాలంటే ఇన్వర్టరు లైను కంటే ఎక్కువ వోల్టేజీ చూపాలి. వైరు ఎంత సన్నగా ఉంటే అంత ఎక్కువ చూపాలి. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు తీసేసి 6 ది వేయించగానే ఆ పేచీ పోయింది. కొత్త ఇన్వర్టరు ధరతో పోలిస్తే వైరు ఖర్చు ఎంత!

రెండో సంగతి కనెక్టర్లు, అంటే ప్యానెళ్ల కేబుళ్లను ఒకదానికొకటి కలిపే ప్లగ్గులు. పది ప్యానెళ్లు వరుసగా కలిస్తే 450 వోల్టుల పైచిలుకు డీసీ ఉంటుంది. ఏసీలో కరెంటు సెకనుకు వందసార్లు సున్నా దాటుతుంది కాబట్టి నిప్పురవ్వ ఆరిపోతుంది. డీసీలో ఆరదు, అంటుకుంటే కాలుతూనే ఉంటుంది. ఒకసారి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో అన్నీ చూస్తుంటే మిగతావి 45 డిగ్రీల దగ్గర ఉండగా ఒకటి 80 దాటింది. సాయంత్రం చీకటి పడ్డాక విప్పితే నల్ల ప్లాస్టిక్ అంచు గోధుమరంగుకు తిరిగి ఉంది, లోపలి పిన్ను మీద మసి. పొడిగింపు కేబులుకు ముందే బిగించి వచ్చిన కొస వేరే తయారీది. రెండూ చక్కగా అతికినట్లే కనిపిస్తాయి, లోపల మాత్రం పిన్ను పూర్తిగా పట్టదు. మగ కొస, ఆడ కొస ఒకే తయారీవి కావాలి. ఎండ ఉండగా వాటిని ఎప్పుడూ లాగకూడదు.

స్టాండు విషయంలో నేను పిసినారితనం చూపలేదు. వేడి జింకులో ముంచిన పైపులు, స్టీలు నట్లు, స్లాబుకు చిల్లు పెట్టకుండా సిమెంటు దిమ్మలు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అది మాకు దగ్గరే. ఒక్క క్లాంపు కూడా కదల్లేదు.

నీళ్ల ట్యాంకు నీడ గురించి కూడా చెప్పాలి. స్థలం మే నెలలో చూస్తే ఎక్కడా నీడ ఉండదు. డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి వాలి, మధ్యాహ్నం కూడా 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. ట్యాంకు నీడ అప్పుడు పొడవుగా ప్యానెళ్ల మీదికి సాగుతుంది. ఇక ప్యానెళ్లు కడగడానికి బోరు నీళ్లు వద్దు, తెల్లటి ఉప్పు పొర పేరుకుంటుంది. పొద్దున్నే, అద్దం చల్లగా ఉన్నప్పుడే మంచినీళ్లతో కడగాలి.

ఇక సాకెట్‌లో పెడితే చాలు అంటూ అమ్మే చిన్న గ్రిడ్ ఇన్వర్టర్లు. అనుమతి లేకుండా అలా కలపడం తప్పు. పైగా మన ఇళ్లలోని మామూలు ఎలక్ట్రానిక్ మీటర్లలో చాలావాటికి కరెంటు ఎటు పోతోందన్న పట్టింపు లేదు. మీరు బయటికి పంపిన యూనిట్‌ను కూడా వాడుకున్నట్లే రాస్తాయి.

ఈరోజు కొత్తగా పెట్టేవారికి నాలా విడిభాగాలు కొనమని చెప్పను. 2024లో మొదలైన పీఎం సూర్య ఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ ఉంది. అది రావాలంటే నమోదైన విక్రేతే బిగించాలి, ప్యానెళ్లలోని సెల్స్ మన దేశంలో తయారైనవై ఉండాలి. అంత సొమ్ము వదులుకోవడం అనవసరం. కానీ కొటేషన్‌లో ప్యానెల్ పేరు ఒక్కటే చూసి సంతకం పెట్టకండి. ఇన్వర్టరు నుంచి మీటరుకు వెళ్లే ఏసీ వైరు మందం ఎంత, కనెక్టర్లన్నీ ఒకే తయారీవేనా, పిడుగుకు, స్టాండుకు, ఏసీ లైనుకు వేరువేరు ఎర్తులు వేస్తారా, పైపులకు జింకు పూత ఎంత మందం అన్నవి కాగితం మీద రాయించుకుని, బిగించే రోజు దగ్గరుండి సరిచూసుకోండి.