డీఓటీ ఫిజికల్ క్లినిక్: డాక్టర్‌కి 5 స్టార్లు, కౌంటర్‌కి 1

న్యూయార్క్‌లో బస్ ఆపరేటర్ జాబ్‌కి ట్రై చేస్తున్నా, దానికి సీడీఎల్, అంటే బస్సుల్లాంటి పెద్ద బండ్లు నడిపే లైసెన్సు కావాలి, సీడీఎల్‌కి మెడికల్ కార్డు కావాలి, అది డీఓటీ ఫిజికల్‌లో, అంటే అమెరికా రవాణా శాఖ రూల్స్ ప్రకారం చేసే ఆరోగ్య పరీక్షలో పాసైతే ఇస్తారు, అందుకే ఫ్రెండ్ చెప్పాడని ఈ క్లినిక్‌కి పోయా, పేరు రాయట్లేదు. నా బరువు 290 పౌండ్లు, దాచేదేముంది.

కౌంటర్‌లో ఆవిడ ఫారం ఇస్తూ పైనుంచి కిందదాకా చూసి, ఈ పర్సనాలిటీకి బస్సు ఎవరిస్తారు, ఫీజు దండగ అంది. ఇంకా వెయింగ్ మెషిన్ కూడా ఎక్కలేదు! 2023 నవంబర్ నుంచి సిటీలో బరువు చూసి ఉద్యోగం లేదనడం చట్టవిరుద్ధం, ఆవిడకి తెలీదో ఏమో.

డాక్టర్ మాత్రం బంగారం. బీపీ 148 వచ్చింది, కౌంటర్ కోపం ఇంకా దిగలేదు మరి, పది నిమిషాలు కూర్చోబెట్టి మళ్ళీ తీస్తే 134. చెవులు ఎలా ఉన్నాయో చూడ్డానికి అయిదడుగుల దూరంలో నిలబడి గుసగుసగా అంకెలు చెప్పి నన్ను తిరిగి చెప్పమన్నాడు. తర్వాత మెడ చుట్టూ టేపు, పదిహేడున్నర అంగుళాలు. గురక పెడతావా, పగలు కునుకొస్తుందా అని అడుగుతుంటే మళ్ళీ బరువు గోలేనా అని నాకు మండింది. నా ముందు వెళ్ళిన బక్కాయనకి కూడా కొలిచారా అన్నా. కొలిచాం, సన్నవాళ్ళకీ స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగాగి, పగలు కునుకొచ్చే జబ్బు) వస్తుంది అన్నాడు. 2013 డిసెంబర్‌లో ఇక్కడే న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో మెట్రో నార్త్ రైలు 30 మైళ్ళ స్పీడుతో తిరగాల్సిన వంపులో 82తో పోయి పట్టాలు తప్పింది, నలుగురు పోయారు, నడిపినాయనకి ఆప్నియా ఉందని ఆ తర్వాతే తెలిసిందట. ఇంక నేనేం మాట్లాడతా.

చట్టం ఉందిగా, ఎవడూ ఆపలేడు అనేవాళ్ళకి ఒక మాట, అందులోనే మినహాయింపు ఉంది, బరువు వల్ల అసలు పనే చెయ్యలేకపోతే, వేరే దారీ లేకపోతే కాదనొచ్చు. ఈ చట్టం కింద కాదుగానీ, షికాగోలో ఒక బస్ డ్రైవర్ కేసులో సీటు తట్టుకునేదే 400 పౌండ్లు, ఆయన బరువు అంతకు మించింది, 2019లో అప్పీల్ కోర్టులో కూడా ఆయన ఓడిపోయాడు. నా లెక్కయితే ఒక్కటే, సీట్లో కూర్చోబెట్టి స్టీరింగ్ మొత్తం తిప్పమనండి, బ్రేకు తొక్కమనండి, ఫెయిలైతే నోరెత్తకుండా ఇంటికి పోతా, చూపులతో తూకం వెయ్యొద్దు అంతే.

వెయిటింగ్ గంటన్నర, అది ఘోరం. రెండేళ్ళ కార్డు వస్తుందనుకుంటే మూడు నెలలదే ఇచ్చి స్లీప్ టెస్ట్ రాశాడు. మెషిన్ ఇంటికి తెచ్చా, రాత్రికి ముక్కులో ట్యూబు పెట్టుకుని పడుకోవాలి, మా ఆవిడేమో దీనికి టెస్టు ఎందుకు, నన్నడిగితే చెప్పేదాన్నిగా అంటోంది.