కళ్లద్దాల మీద ఫిర్యాదు: మధ్యవర్తి దగ్గరికా, కౌన్సిల్‌కా?

బ్రిటన్‌లో కొత్త కళ్లద్దాలు పెట్టుకుంటే తల తిరుగుతోంది, షాపువాళ్లు పట్టించుకోవడం లేదు. అప్పుడు కోపంలో లైసెన్సు తీయించాలనే అనిపిస్తుంది. కానీ ఉన్న రెండు దారులు చేసే పనులు వేరు.

ఆప్టికల్ కన్స్యూమర్ కంప్లైంట్స్ సర్వీస్ మీకూ షాపుకూ మధ్య కూర్చుని మాట్లాడిస్తుంది. ఫీజు లేదు. అద్దాలు మార్చడం, డబ్బు వాపసు, క్షమాపణ లాంటివి ఇక్కడ కుదురుతాయి. ఎవరినీ శిక్షించదు, తీర్పు ఇవ్వదు. ముందు షాపుకే ఫిర్యాదు ఇచ్చి ఉండాలి. పవర్ తేడా, ఫ్రేమ్ సరిపోకపోవడం, బిల్లు గొడవ అయితే ఇదే మేలు.

జనరల్ ఆప్టికల్ కౌన్సిల్ మీకు ఒక్క పౌండు కూడా ఇప్పించదు. 1989 ఆప్టీషియన్స్ చట్టం కింద కంటి పరీక్ష చేసే ఆప్టోమెట్రిస్టులను, అద్దాలు అమర్చి ఇచ్చే డిస్పెన్సింగ్ ఆప్టీషియన్లను రిజిస్టర్ చేసేది అదే. ఈ మనిషి ఇంకా పనిచేయడానికి తగునా అన్నదే అది చూసేది. తప్పు తేలితే షరతులు పెట్టవచ్చు, 12 నెలల వరకు సస్పెండ్ చేయవచ్చు, 50,000 పౌండ్ల వరకు జరిమానా వేయవచ్చు, రిజిస్టర్ నుంచి పేరే కొట్టేయవచ్చు. విచారణకు చాలా కాలం పడుతుంది, సాక్ష్యం చెప్పాల్సి రావచ్చు. ఆ టెన్షన్‌కు సిద్ధపడే వెళ్లాలి.

అయినా కొన్ని విషయాల్లో కౌన్సిల్‌కే రాయాలని గట్టిగా చెబుతాను. చేయని పరీక్ష చేసినట్టు రికార్డు రాయడం, మత్తులో పనిచేయడం, పేషెంటుతో అసభ్యంగా ప్రవర్తించడం. పిల్లల విషయం మరీ ముఖ్యం. 16 ఏళ్లలోపు వాళ్లకు పవర్ అద్దాలు అమ్మాలంటే రిజిస్టర్ అయినవాళ్లు గానీ డాక్టరు గానీ చేయాలి, లేదా వాళ్ల పర్యవేక్షణలో జరగాలి. ఎదిగే కంటికి తప్పుడు అద్దం పెడితే, ఆ నష్టాన్ని తర్వాత సరిదిద్దడం కష్టం కావచ్చు. ఇలాంటిచోట డబ్బు వాపసు ఇచ్చి నోరు మూయిస్తే, రేపు అదే కుర్చీలో మరో బిడ్డ కూర్చుంటుంది.

పొరపాటా, మోసమా అని తేల్చుకోలేకపోతే మధ్యవర్తి దగ్గర మొదలుపెట్టండి. అక్కడ డబ్బు తీసుకున్నంత మాత్రాన కౌన్సిల్‌కు రాసే దారి మూసుకుపోదు. కాకపోతే ఏళ్ల తరబడి ఆగొద్దు. ప్రిస్క్రిప్షన్ కాపీ, బిల్లు, షాపుతో నడిచిన మెయిళ్లు దాచుకోండి, ఆ అద్దాలు కూడా పారేయొద్దు.