ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ వీ3 కిట్: డాబా మీదే విమానాలు, ఉపగ్రహాలు

విమానాలు 1090 మెగాహెర్ట్జ్ మీద పంపే సంకేతాలను నెట్ లేకుండా నేరుగా పట్టే రేడియో రిసీవర్ ఇది, కంప్యూటర్‌కు గుచ్చే యూఎస్‌బీ డాంగిల్. ఉత్త డాంగిల్ కొనకండి, డైపోల్ (రెండు పుల్లల) యాంటెన్నాతో వచ్చే కిట్ తీసుకోండి. అందులో పొట్టి, పొడుగు పుల్లలు రెండు జతలూ ఉంటాయి.

విమానాలకైతే పొట్టి పుల్లలను ఒక్కోటి ఆరున్నర సెంటీమీటర్లకు సర్ది, నిలువుగా ఒకటి పైకి, ఒకటి కిందికి పెట్టాలి. విండోస్‌లో ముందు జాడిగ్ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌తో డాంగిల్ డ్రైవర్ మార్చాలి: 'బల్క్-ఇన్, ఇంటర్‌ఫేస్ 0' ఎంచుకుని విన్‌యూఎస్‌బీ ఎక్కించండి. తొందరలో జాబితాలోని కీబోర్డును ఎంచుకున్నారో, అది మూగబోతుంది. తర్వాత ఆ సంకేతాలను చదివే డంప్1090 సాఫ్ట్‌వేర్ నడిపితే విమానాలు వరసగా కనబడతాయి.

35,000 అడుగుల ఎత్తున పోయేవి అడ్డు లేకపోతే దాదాపు 400 కిలోమీటర్ల దాకా అందాలి. బాల్కనీలో పెడితే గోడ అటు ఉన్నవి రావు. తప్పు డాంగిల్‌ది కాదు, చోటుది. డాబా మీదకు చేర్చాలంటే కిట్‌లోని సన్న కేబుల్‌ను పొడిగించకండి. ఈ ఫ్రీక్వెన్సీ దగ్గర అది మీటరుకు సుమారు ఒక డెసిబెల్ మింగేస్తుంది, అంటే మూడు మీటర్లకే సగం సంకేతం పోయినట్టు. డాంగిల్‌ను యాంటెన్నా పక్కనే ఉంచి యూఎస్‌బీ తీగనే పొడిగించండి. అయితే డాంగిల్‌కు వాన, నేరుగా ఎండ తగలకూడదు. మామూలుగానే బాగా వేడెక్కుతుంది.

హైదరాబాద్ లాంటి ఊళ్లలో అసలు తంటా సెల్ టవర్లతో. 900 మెగాహెర్ట్జ్ సంకేతాలు ముంచెత్తితే గెయిన్ (సంకేతాన్ని పెద్దది చేసే మోతాదు) ఎంత పెంచితే విమానాలు అంత తగ్గుతాయి. గరిష్ఠమైన 49.6 డెసిబెల్స్ నుంచి ఒక్కో మెట్టు దించుతూ ఎన్ని విమానాలు వస్తున్నాయో లెక్కపెట్టుకోండి. అప్పటికీ కుదరకపోతే 1090 మెగాహెర్ట్జ్‌నే పోనిచ్చే ఫిల్టర్ కొనాలి.

ఉపగ్రహాల వంతు వచ్చేసరికి పొడుగు పుల్లలు: ఒక్కోటి 53.4 సెంటీమీటర్లు, మధ్య 120 డిగ్రీల కోణం, నేలకు సమాంతరంగా, ఉత్తర దక్షిణాలుగా. పాత పాఠాలు చెప్పే అమెరికా వాతావరణ ఉపగ్రహాలు నోవా 15, 18, 19 కోసం వెతక్కండి, 2025లో వాటిని ఆపేశారు. రష్యా వాతావరణ ఉపగ్రహాలు మెటియార్ ఎం2-3, ఎం2-4 మిగిలాయి. 137.9 మెగాహెర్ట్జ్ మీద శాట్‌డంప్ సాఫ్ట్‌వేర్‌తో మేఘాల చిత్రం దిగుతుంది. ఉపగ్రహం మన మీదుగా దాటేది ఒక్కోసారి పది, పదిహేను నిమిషాలే కాబట్టి వేళ ముందే చూసుకోవాలి.

చవక డాంగిళ్లతో పోలిస్తే దీని బలం టీసీఎక్స్‌ఓ, అంటే వేడికి ఫ్రీక్వెన్సీ పెద్దగా జారని స్ఫటికం. విమానాల సంకేతం వెడల్పు కాబట్టి వాటికి అది లేకున్నా నడుస్తుంది. అంతరిక్ష కేంద్రం 145.800 మెగాహెర్ట్జ్ మీద అప్పుడప్పుడు పంపే బొమ్మలకు మాత్రం తేడా తెలుస్తుంది. కొత్త వీ4 ఈ పనులకు అవసరం లేదు, పైగా పాత డ్రైవర్లతో కుదరదు.

ఒక్క మాట: సంకేతంలో పిలుపు సంఖ్య, ఎత్తు, వేగం, స్థానం ఉంటాయి గానీ విమానం ఎక్కడి నుంచి ఎక్కడికో ఉండదు. అది మాత్రమే కావాలనుకుంటే ఫోన్ యాప్ చాలు.