మడత చాకు ఎక్కడ పెట్టుకుంటే మేలు: క్లిప్పా, ఒరా, మొలతాడా, ఉత్త జేబా?

దామలచెరువు మామిడి మండీలో కాయలు దిగే పూట ఒక మనిషి చాకును ఎన్నిసార్లు బయటికి తీస్తాడో లెక్క ఉండదు. గోనెసంచి మూతి కుట్టు విప్పాలి, తాడు కొస కోయాలి, కాయను చీల్చి లోపల రంగు తిరిగిందో లేదో చూడాలి. అదే చాకు తిరుపతిలో ఆఫీసుకు పోయే మనిషి దగ్గరుంటే రోజుకు రెండు పార్శిళ్లు విప్పితే ఎక్కువ. పిడికి జేబు అంచును కరిచి పట్టే క్లిప్పు ఉండాలా వద్దా అని అడిగినప్పుడు ఈ ఇద్దరికీ ఒకే జవాబు చెప్పకూడదు. చాకు ఎంత మంచిదన్నది తర్వాత సంగతి. రోజుకు ఎన్నిసార్లు తీస్తారు, నడుముకు ఏం కట్టుకుంటారు, చాకు బరువెంత అన్న మూడింటి మీదే తేలుతుంది.

క్లిప్పు పుట్టింది జీన్స్ ప్యాంటు తొడిగే దేశంలో. అమెరికాలోని కొలరాడోకు చెందిన స్పైడర్కో కంపెనీ 1981లో ‘వర్కర్’ అనే మడత చాకుకు క్లిప్పు పెట్టి తెచ్చింది. ఇవాళ మనం చూసే క్లిప్పు చాకులన్నీ ఆ దారిలో వచ్చినవే. అంతకు ముందు బరువైన చాకు బెల్టు ఒరలో ఉండేది, తేలికది జేబు అడుగున పడి ఉండేది. ఒరకు బక్ 110 అనే మడత చాకు మంచి ఉదాహరణ. అది రెండు వందల గ్రాములు దాటుతుంది, జేబులో వేస్తే ప్యాంటు ఒక పక్కకు జారుతుంది. రెండో రకానికి ఫ్రాన్స్ ఒపినెల్ 8వ నంబరు చాలు. చెక్క పిడి, 8.5 సెం.మీ. బ్లేడు, ఇంచుమించు 45 గ్రాములు. దానికి క్లిప్పు లేదు, లేదని ఎవరూ బాధపడరు.

ముందు ఉత్త జేబు సంగతి. జేబులో వదిలేసిన చాకు అడ్డం తిరుగుతుంది. బండి ఎక్కి కూర్చుంటే తొడ మడతలో గుచ్చుకుంటుంది. తాళాలు, చిల్లర దాని మీద రాసుకుని పిడి గీతలు పడుతుంది, సెల్‌ఫోను అదే జేబులో ఉంటే అద్దానికీ గీతలే. అసలు ప్రమాదం మాత్రం వేరే. బాగా వాడి వదులైన చాకు బ్లేడు ముడుచుకున్నప్పుడు గట్టిగా పట్టి ఉండదు. తాళంచెవి సందులో దూరి దాన్ని కాస్త పైకి లేపితే చాలు, వెతుక్కుంటూ జేబులో దూర్చిన వేళ్లు తెగుతాయి. ఇంట్లో ఒక పరీక్ష చేయండి: చాకు మూసి, బ్లేడు కిందికి వచ్చేలా పట్టుకుని మణికట్టుతో రెండు మూడుసార్లు విదిలించండి. బ్లేడు ఏ కొంచెం బయటికొచ్చినా ఆ చాకు ఉత్త జేబుకు పనికిరాదు. 60 గ్రాముల లోపు బరువుండి, గోటితో గట్టిగా లాగితే తప్ప తెరుచుకోని స్విస్ ఆర్మీ రకం చాకులకు మాత్రం ఉత్త జేబు చాలు.

క్లిప్పు చేసే మేలు చాకును పైన వేలాడదీయడం ఒక్కటే కాదు, ఒకే దిక్కున నిలబెట్టడం కూడా. చూడకుండా చెయ్యి పెడితే పిడి ప్రతిసారీ అదే చోట, అదే తీరున దొరుకుతుంది. ఒక చేత్తో సంచి మూతి పట్టుకుని రెండో చేత్తో చాకు తీసే మనిషికి ఇది చాలా పెద్ద సౌకర్యం. నిచ్చెన మీద నిలబడి డ్రిప్పు పైపు బిగించేవాడికైనా, స్తంభం దగ్గర వైరు తొక్క తీసేవాడికైనా అంతే.

అయితే క్లిప్పు ఏ కొసకు బిగించారో చూసుకోవాలి. ముడిచిన చాకులో బ్లేడు మొన పైకి ఉండేలా బిగిస్తే, అంటే బ్లేడు తిరిగే ఇరుసు జేబు అడుక్కి పోయేలా పెడితే, తీయగానే చెయ్యి సరైన పట్టులో పడుతుంది, బొటనవేలు నేరుగా బ్లేడు తెరిచే చోటికి వస్తుంది. మొన కిందికి పెడితే చేతిలో చాకును ఒకసారి తిప్పుకోవాలి. కానీ మొన పైకి ఉన్న చాకు జేబులో తెరుచుకుంటే చేతికి ఎదురయ్యేది మొనే. దీనికి విరుగుడు ఉంది. కుడి జేబులో చాకును బయటివైపు కుట్టుకు ఆనించి పెట్టండి. కుడిచేతి క్లిప్పు ఉన్న చాకులో బ్లేడు వీపు ఆ కుట్టు వైపే ఉంటుంది కాబట్టి తెరుచుకోవడానికి జాగా దొరకదు. జేబు మధ్యలో తగిలించడం మాత్రం తప్పు. ఎడమ చేతివాళ్లు కొనేముందు పిడికి రెండో పక్క కూడా మర రంధ్రాలు ఉన్నాయో లేదో చూసుకోవాలి. లేకపోతే ఈ రక్షణ తలకిందులవుతుంది.

బట్ట దగ్గరే అసలు తేడా వస్తుంది. జీన్స్ జేబు అంచు మందం, రెండు వరసల కుట్టు, క్లిప్పు దాన్ని కరిచి పట్టుకుంటుంది. మన దర్జీ కుట్టే ఫార్మల్ ప్యాంటుకు క్రాస్ పాకెట్టు, బట్ట పలచన. నూరు గ్రాముల చాకు తగిలిస్తే జేబు మూతి వేలాడి నోరు తెరుచుకుంటుంది, బండి మీద కూర్చున్నప్పుడు చాకు పక్కకు ఒరిగి జారుతుంది. అలాంటి ప్యాంటుకు 70 గ్రాములు దాటని చాకే తగిలించాలి. స్పైడర్కో వారి డెలికా అనే చాకు బరువు సుమారుగా అంతే.

పలచని బట్టకు క్లిప్పు కంటే మంచి ఉపాయం దర్జీ దగ్గరే ఉంది. కుడి జేబు లోపల, బయటి కుట్టు వెంబడి నిలువుగా ఒక దొంగ జేబు కుట్టమనండి. వెడల్పు 4 సెం.మీ., లోతు 9 సెం.మీ., అడుగున రెండు వరసల కుట్టు. 10 సెం.మీ. చాకు దాంట్లో నిటారుగా నిలబడుతుంది, ఒక సెంటీమీటరు పైకి కనబడుతుంది, బయటికి మాత్రం ఏమీ కనబడదు. బట్ట చిరగదు. క్లిప్పు ఇచ్చే సుఖంలో ముప్పాతిక వంతు ఇందులోనే దొరుకుతుంది.

లుంగీ, పంచె కట్టేవాళ్లకు క్లిప్పుతో పనిలేదు. అది కరిచేందుకు గట్టి అంచు లేదు. లోపల తొడిగే పట్టాపట్టి నిక్కరు జేబుకు తగిలిస్తే తీయాలన్నప్పుడల్లా లుంగీ ఎత్తాలి. తాళంచెవులు మొలతాడుకు కట్టుకునే అలవాటు మనకు ఎప్పటినుంచో ఉంది, చాకుకూ అదే దారి. పిడి వెనక రంధ్రం ఉన్న చిన్న చాకు తీసుకోండి. 3 మి.మీ. నైలాన్ దారం నలభై సెంటీమీటర్లు చాలు. మొలతాడుకు నేరుగా ముడి వేయకుండా చిన్న కొక్కెం తగిలించండి, కావాలన్నప్పుడు చాకును పూర్తిగా విడదీయవచ్చు. రెండు జాగ్రత్తలు తప్పవు. తెరిచిన చాకును చేతిలోంచి వదిలితే అది తొడ పక్కన ఊగుతుంది, అందుకే ముడిచిన తర్వాతే వదలాలి. గడ్డి కత్తిరించే మిషను, మోటారు బెల్టు, టిల్లరు దగ్గర పనిచేసేటప్పుడు దారం వేలాడకూడదు. కొక్కెం విప్పి చాకును పక్కన పెట్టేయండి.

లుంగీ మీద వెడల్పాటి పచ్చ బెల్టు కట్టేవాళ్లకు దాని గుండీ జేబే ఒర. కాకపోతే చాకు అందులో అడ్డంగా పడుకుంటుంది, వంగితే పొట్టకు ఒత్తుకుంటుంది. ముడిచినప్పుడు 9 సెం.మీ. మించనిది పెడితే ఈ బాధ ఉండదు.

ఇక బెల్టు ఒర. 120 గ్రాములు దాటిన చాకుకు మా మాట ఒరకే, క్లిప్పుకు కాదు. బరువు బెల్టు మీద పడుతుంది, జేబు ఖాళీగా ఉంటుంది, వదులు చొక్కా దాన్ని కప్పేస్తుంది. తోలు ఒరను తుంటి ఎముకకు కొంచెం వెనగ్గా పెడితే ట్రాక్టరు సీటు మీద కూర్చున్నా ఒత్తదు. ఒరతో వచ్చే చిక్కు తేమ. ముసురు రోజుల్లో తోలు నీరు పీలుస్తుంది. పిడికి ఇత్తడి ఉంటే పచ్చటి చిలుము పడుతుంది, ఉక్కుకు తుప్పు చుక్కలు వస్తాయి. రాత్రి చాకును ఒరలోంచి తీసి విడిగా పెట్టాలి. నైలాన్ పౌచ్ త్వరగా ఆరుతుంది గానీ దాని అంటుపట్టీలో (వెల్క్రో) గడ్డి గింజలు, దుమ్ము ఇరుక్కుని కొన్నాళ్లకు పట్టు పోతుంది. పాత టూత్‌బ్రష్షుతో దువ్వితే మళ్లీ పనిచేస్తుంది.

క్లిప్పు అసలు వద్దని గట్టిగా చెప్పవలసిన పని ఒకటుంది, అంటు కట్టడం. మామిడి అంటుపుల్లను నాలుగైదు సెంటీమీటర్ల ఏటవాలుగా ఒక్క లాగుడులో కోయాలి. ఒక్క పూటలో అలాంటి కోతలు వందలు పడతాయి. పిడి మీద పొడుచుకొచ్చిన క్లిప్పు వేళ్ల మొదళ్లకు ఒత్తుకుని సాయంత్రానికి బొబ్బలు లేపుతుంది. చెయ్యి నొప్పెట్టి పట్టు మారిందంటే కోత వంకర పోతుంది, అంటు కూడదు. ఇంత పనికి క్లిప్పు లేని, ఒక పక్కే సానబట్టిన అంటుకత్తి వేరుగా ఉండటమే మంచిది. ఉన్న చాకుతోనే చేయాలంటే ఆ వారం పాటు క్లిప్పు విప్పేయండి.

విప్పడం తేలిక, మర తల పాడు చేయడం అంతకన్నా తేలిక. క్లిప్పుకు రెండు లేదా మూడు మరలుంటాయి, ఎక్కువ చాకులకు టీ6 నక్షత్రపు తల, కొన్నింటికి టీ8. సెల్‌ఫోన్ రిపేరు సెట్టులో ఈ బిట్లు దొరుకుతాయి. సరిపోని బిట్టుతో తిప్పితే నక్షత్రం గుండ్రమైపోతుంది, ఆ తర్వాత ఏ బిట్టూ పట్టదు. కంపెనీ జిగురు గట్టిగా ఉంటే వేడి సోల్డరింగ్ ఐరన్ కొనను మర తల మీద పది పదిహేను సెకన్లు ఆనించండి, జిగురు మెత్తబడుతుంది. ప్లాస్టిక్ పిడి మీద దీన్ని చేయవద్దు. తిరిగి బిగించేటప్పుడు మరను స్పిరిట్‌తో తుడిచి, మర వదులు కాకుండా పట్టే నీలం రంగు లాక్‌టైట్ జిగురు చుక్కలో పావు వంతు రాసి, బిగుసుకున్నాక ఇంకా బలవంతం చేయకుండా ఆపేయాలి. ఒక రోజు వాడకుండా ఉంచితే జిగురు పూర్తిగా పట్టుకుంటుంది. ఎర్ర జిగురు వాడారంటే మళ్లీ వేడి చేయందే ఊడదు.

కొన్నాళ్లకు జేబు అంచు పీచులు తేలితే తప్పు క్లిప్పుది అనుకుంటారు. ఎక్కువసార్లు తప్పు దాని కింద ఉన్న పిడిది. గాజుపీచుతో చేసే గరుకు జీ10 పిడి ఉప్పుకాగితంలా బట్టను అరగదీస్తుంది. క్లిప్పు విప్పి, అది కప్పే జాగా మేరకే 400 నంబరు వాటర్ పేపరుతో, తర్వాత 600తో నీళ్లు పోస్తూ నునుపు చేయండి. పొడిగా రుద్దితే ఆ గాజుపీచు ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ముక్కుకు మాస్కు, కింద నీళ్లు తప్పనిసరి.

పట్టు సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి ప్యాంటు విప్పి, చాకు తగిలించి, ప్యాంటును తలకిందులుగా పట్టుకుని కుదపండి. చాకు రాలకూడదు. మామూలుగా రెండు వేళ్లతో లాగితే రావాలి. వదులైతే క్లిప్పును విప్పి బయట వంచాలి, చాకు మీద ఉండగా వంచితే మర రంధ్రాలు పాడవుతాయి. ఒకేసారి ఎక్కువ వంచకుండా, కొంచెం వంచి బిగించి చూడటం మేలు. టైటానియం క్లిప్పు వంగి వెనక్కి వస్తుంది గాబట్టి దాన్ని కావలసిన దానికన్నా కాస్త ఎక్కువగా వంచాలి.

చెమటకు క్లిప్పు నల్లపూత పోయి తుప్పు మొదలవుతుంది. మామిడి సొన అంటితే దుమ్మంతా దాని కిందే చేరుతుంది. స్పిరిట్ గుడ్డతో తుడిచి ఒక చుక్క కుట్టుమిషన్ నూనె రాయండి. కొబ్బరినూనె చలికి గడ్డకడుతుంది, ఇరుసులోకి దిగితే బ్లేడు బిగుసుకుంటుంది.

క్లిప్పు చాకు పోగొట్టుకునే చోట్లు కూడా తెలిసినవే. కారు సీటు బెల్టు కొక్కెం, బస్సు సీటు అంచు, ఇరుకు దారిలో ముళ్లకంచె. ఇవి క్లిప్పు కొసను పట్టి చాకును పైకి లాగేస్తాయి. దిగగానే జేబు తడుముకునే అలవాటు చేసుకోవాలి. ఆ కొసే బండి ట్యాంకు మీదా, కారు తలుపు మీదా గీతలు పెడుతుంది.

చట్టం వైపు చూస్తే, 2016 ఆయుధాల నియమాల్లో కత్తుల కొలత 9 అంగుళాల బ్లేడు పొడవు లేదా 2 అంగుళాల వెడల్పు దాటిన దగ్గర మొదలవుతుంది, అది కూడా ఇంటికీ పొలానికీ చేసినవి కాక. మూడంగుళాల జేబు చాకు దాని దరిదాపుల్లో లేదు. అయినా జనం మధ్య జేబు అంచున చాకు పిడి కనబడటం ఎవరికీ నచ్చదు. పట్నంలో తిరిగేవాళ్లు పైకి సన్నని గీత మాత్రమే కనబడే లోతు క్లిప్పు ఎంచుకోవాలి, లేదంటే దొంగ జేబు కుట్టించుకోవాలి. రేణిగుంటలో విమానం ఎక్కే రోజు చాకు చేతిసంచిలో ఉండకూడదు, గుడ్డ చుట్టి కౌంటరులో అప్పగించే సంచిలో వేయాలి.

కొండకు వెళ్లే రోజు క్లిప్పు చాకును ఎవరూ మరిచిపోరు, అది కంటికి కనబడుతుంది కాబట్టి ఇంట్లోనే పెట్టి వస్తారు. మరిచిపోయేది బండి తాళంతో పాటు రింగుకు వేలాడే 58 మి.మీ. చిన్న చాకు. అలిపిరి తనిఖీ దగ్గర బయటపడేది అదే. బయలుదేరేముందు తాళాల గుత్తి ఒకసారి చేతిలోకి తీసుకుని చూసి, దాన్ని రింగులోంచి విప్పి దేవుడి గూట్లోనో అల్మారాలోనో పెట్టి తలుపు తాళం వేయండి.