బయటి తయారీ డయాఫ్రంలు, సరౌండ్‌లు: ఆరేళ్ళు వాడిన తరువాత

చెన్నైలో తెలుగువారి పెళ్ళిళ్ళకూ హరికథలకూ సౌండ్ సిస్టం అమర్చడం నా వృత్తి. కాలిపోయిన హార్న్ డ్రైవర్లకు (పై స్వరాలు పలికే స్పీకర్లకు) డయాఫ్రంలూ (కంపించి శబ్దం పుట్టించే పలుచని రేకులూ), చిరిగిన వూఫర్లకు (కింది స్వరాలు పలికే పెద్ద స్పీకర్లకు) సరౌండ్‌లూ (కోను చుట్టూ ఉండే మెత్తని అంచులూ) ఎలక్ట్రానిక్స్ బజారైన రిచీ స్ట్రీట్‌లో కొని మార్చుకోవడం దాదాపు ఆరేళ్ళుగా సాగుతోంది. కంపెనీ డయాఫ్రం ఒకటి కొనే డబ్బుకు బయటి తయారీవి, అంటే వేరేవాళ్ళు చేసినవి, మూడు నాలుగు వస్తాయి కాబట్టి, మాలాంటి చిన్న వాళ్ళకు అవే దిక్కు. వాటిలో నిజంగా మంచివీ ఉన్నాయి. కానీ మంచిది ఒకటి దొరికినంత మాత్రాన, అదే పెట్టెలోని రెండోది దానికి జోడీ అవుతుందన్న భరోసా లేదు. నా ఫిర్యాదంతా దాని మీదే.

ఒకసారి ఒకే లేబుల్ ఉన్న రెండు టైటానియం డయాఫ్రంలు, 44 మి.మీ. కాయిల్‌వి (కాయిల్ అంటే డయాఫ్రంకు అతికిన తీగచుట్ట), కొన్నాను. రెండూ 8 ఓంలవే. మల్టీమీటర్ పెడితే ఒకటి 6.1 చూపింది, మరొకటి 6.9. భూతద్దంతో చూస్తే రెండోదాని కాయిల్ అంచున జిగురు ఒకచోట గడ్డకట్టి ఉంది. కుడి, ఎడమ బాక్సుల్లో వాటినే బిగించి హరికథ పెట్టినప్పుడు, దాసుగారు వేదిక మధ్యలో నిలబడి ఉన్నా, చిడతల మోత మాత్రం ఎడమవైపు నుంచే వస్తున్నట్టు వినిపించింది.

8 ఓంల కాయిల్ మల్టీమీటర్‌లో సాధారణంగా 5.5 నుంచి 6.5 దాకా చూపుతుంది. అయితే ఆ అంకె ఒక్కటీ చూసి నమ్మకూడదు: రాగిపూత వేసిన అల్యూమినియం తీగతో చుట్టినా, చుట్లు సర్దితే అదే అంకె వస్తుంది, తీగ బరువు మాత్రం వేరుగా ఉంటుంది. అందుకే 100 ఓంల రెసిస్టర్‌ను సిరీస్‌లో కలిపి, లాప్‌టాప్ సౌండ్ కార్డుతో, ఉచితంగా దొరికే రూమ్ ఈక్యూ విజార్డ్ సాఫ్ట్‌వేర్‌లో ఇంపీడెన్స్ గీత (ఒక్కో స్వరం దగ్గర కాయిల్ కరెంటును ఎంత అడ్డుకుంటుందో చూపేది) తీస్తాను. రెండు గీతల శిఖరాలు ఒకేచోట ఉంటే ఆ జత ఉంచుకుంటాను, దూరంగా ఉంటే దుకాణానికి తిరిగి ఇచ్చేస్తాను. బిగించే ముందు మాగ్నెట్ సందులోని ఇనుప రజను మాస్కింగ్ టేపుతో తీయాలి. లేకపోతే కాయిల్ గీరుకుంటుంది, తప్పు డయాఫ్రందేనని పొరబడతాం.

సరౌండ్‌ల విషయంలో నా అభిప్రాయం ఇంకా గట్టిది. ఫోమ్ సరౌండ్ పాలియురెథేన్ అనే ప్లాస్టిక్‌తో చేసినది. గాలిలోని తేమే దాన్ని విడగొడుతుంది. సముద్రపు గాలి తగిలే ఈ ఊళ్ళో, ఈశాన్య రుతుపవనాల వానలు నాలుగుసార్లు చూసేసరికి నేను వేసిన ఫోమ్‌లలో చాలావరకు వేలితో నొక్కితే పొడిగా రాలిపోయాయి. అదే కాలంలో వేసిన రబ్బరువి ఇప్పటికీ మెత్తగా ఉన్నాయి. రబ్బరు బరువు వల్ల వూఫర్ రెసొనెన్స్ (అది సహజంగా కంపించే స్వరం) కొంత కిందికి దిగుతుంది, మోత కూడా కాస్త తగ్గుతుంది. కాబట్టి ఒక బాక్సుకు వేస్తే రెండో బాక్సుకూ వేయక తప్పదు.

ఒకే స్పీకర్‌తో నడిచే చిన్న హాలుకైతే బయటి డయాఫ్రం నిరభ్యంతరంగా కొనవచ్చు. కుడి ఎడమ రెండూ కలిసి పలకవలసిన చోట, కొలిచి ఏరుకునే వీలు దుకాణదారు ఇస్తేనే కొనండి. ఇవ్వకపోతే ఖర్చు ఎక్కువైనా కంపెనీ భాగమే తీసుకోండి, నేనిప్పుడు చేస్తున్నది అదే.