గుంటూరు రోడ్ల మీద సూపర్ మీటియర్ 650: దీర్ఘకాల వాడకం తర్వాత

రాయల్ ఎన్‌ఫీల్డ్ సూపర్ మీటియర్ 650 అనే క్రూయిజర్ (కాళ్లు ముందుకు చాపి కూర్చునే, దూర ప్రయాణాల మోటారు సైకిలు) మన దేశంలో 2023 జనవరిలో అమ్మకానికి వచ్చింది. నేను వాడుతున్నది ఎత్తైన విండ్‌స్క్రీన్, వెనక కూర్చునేవారు ఆనుకోవడానికి బ్యాక్‌రెస్టు ఉన్న టూరర్ రకం. మండువేసవిలోనూ, ముసురు పట్టిన వానల్లోనూ, ఒంటరిగానూ, నా భార్యతో కలిసి సామానుతోనూ నడిపిన తర్వాతే ఈ సమీక్ష రాస్తున్నాను. ఈ బండి గురించి మొదట తెలుసుకోవలసింది దాని బరువు. పెట్రోలుతో కలిపి 241 కిలోలు. దీనిలోని సుఖం ఎక్కువగా ఆ బరువు వల్ల వచ్చినదే, కష్టమూ చాలావరకు అక్కడి నుంచి వచ్చినదే.

సుఖం ఎక్కడుందో చెప్పాలంటే గుంటూరు నుంచి 16వ నంబరు జాతీయ రహదారి పట్టుకొని, చిలకలూరిపేట దాటి ఒంగోలు వైపు పోవాలి. ఇంజిన్ 648 సీసీ, రెండు సిలిండర్లు, 7,250 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర 47 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) శక్తి. కాగితం మీద ఇది గొప్ప అంకె కాదు. 400 సీసీలోపు బండ్లు కొన్ని దాదాపు ఇంత శక్తినీ ఇస్తున్నాయి. అయితే 52.3 న్యూటన్ మీటర్ల టార్కులో (ఇంజిన్ తిప్పే బలంలో) 80 శాతం 2,500 ఆర్‌పీఎం నుంచే అందుతుందని కంపెనీ చెబుతుంది, నడిపేవారికి ఆ మాట నిజమేనని వెంటనే తెలిసిపోతుంది. ఆరో గేరులో డెబ్బై మీద పోతూ, గేరు తగ్గించకుండానే, తొందర లేకుండా లారీని దాటేయవచ్చు. పొడవాటి కంటైనర్ పక్క నుంచి పోయేటప్పుడు గాలి ముందు లోపలికి లాగుతుంది, ముందుకు రాగానే బయటికి తోస్తుంది. తేలికపాటి బండ్ల మీద అక్కడ హ్యాండిల్ గట్టిగా పట్టుకోవలసి వస్తుంది. ఇది మాత్రం తన దారిన తాను పోతుంది. తొంభై నుంచి నూరు మధ్య గంటల తరబడి నడిపినా భుజాలు, మణికట్లు నొప్పి పెట్టవు. పిస్టన్ల కదలికను తిప్పుడుగా మార్చే క్రాంక్ 270 డిగ్రీల అమరికలో ఉండటం వల్ల ఇంజిన్ చప్పుడులో ఒక గంభీరమైన లయ ఉంది, దూర ప్రయాణంలో అది అలసటను మరిపిస్తుంది. ట్యాంకు 15.7 లీటర్లు. హైవే మీద లీటరుకు పాతిక కిలోమీటర్ల చుట్టుపక్కల వస్తుంది కనుక, మూడు వందల కిలోమీటర్ల వరకు బంకు కోసం వెతుక్కోవలసిన పని లేదు.

వినుకొండ, మార్కాపురం, దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లే దారి ఈ బండికి అసలైన పరీక్ష. ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజిన్ ఎక్కడా ఇబ్బంది పడదు. కానీ ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 1,500 మిల్లీమీటర్లు, పైగా పాదాలు పెట్టుకునే ఫుట్‌పెగ్గులు నేలకు దగ్గరగా ఉంటాయి. హెయిర్‌పిన్ మలుపులో కాస్త ఎక్కువ వంచితే పెగ్ తారు మీద గీసుకుంటుంది. మలుపుకు ముందే వేగం తగ్గించుకొని, నింపాదిగా తిప్పుకోవడం అలవాటు చేసుకోవాలి. దిగేటప్పుడు ముందు 320, వెనక 300 మిల్లీమీటర్ల డిస్కులూ, రెండు చక్రాలకూ ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు) ఉన్నాయి. ఇలాంటి పొడవైన, వెనక బరువున్న బండిలో వెనక బ్రేకు నిజంగా పని చేస్తుంది, ముందు బ్రేకు మీదే ఆధారపడే అలవాటున్నవారు ఆ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇక కష్టాల్లో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది నడుము. వెనక సస్పెన్షన్ కదలిక 101 మిల్లీమీటర్లే. అది ఒక్కటే అయితే సర్దుకుపోవచ్చు. క్రూయిజర్లన్నిటిలో లాగే ఇందులోనూ కాళ్లు ముందుకు చాపి కూర్చుంటాం. గుంత వచ్చినప్పుడు పెగ్గుల మీద లేచి నిలబడి దెబ్బ తప్పించుకునే వీలు ఉండదు. పడిన దెబ్బ నేరుగా వెన్నుపూసకు చేరుతుంది. సత్తెనపల్లి, మాచర్ల మీదుగా సాగర్ వెళ్లినప్పుడు దెబ్బతిన్న రోడ్డు వచ్చిన ప్రతిచోటా వేగం ముప్పైకి దించవలసి వచ్చింది. నేల నుంచి ఇంజిన్ అడుగుకు ఉన్న ఎత్తు 135 మిల్లీమీటర్లు. ఇద్దరు కూర్చొని, సాడిల్ బ్యాగులు నింపుకుంటే ఆ ఎత్తు ఇంకా తగ్గుతుంది, అప్పుడు పల్లెల్లో ఎవరికి తోచినట్టు వారు పోసిన స్పీడ్ బ్రేకర్లను ఏటవాలుగా ఎక్కించి దించాలి.

కోతల కాలంలో తెనాలి, దుగ్గిరాల వైపు వెళ్లేవారికి ఒక మాట. అక్కడ సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు, పక్కన హద్దుగా రాళ్లు పెడతారు. మిగిలిన సగంలో ఎదురుగా ట్రాక్టరు వస్తే ఈ బరువుతో గింజల అంచు మీదికి దిగకూడదు. ముందు చక్రం జారడం మొదలైతే కాలు ఆన్చి 241 కిలోలను నిలబెట్టడం ఎవరి తరమూ కాదు. నేనైతే ట్రాక్టరు పోయేదాకా ఆగిపోతాను.

ఊళ్లో నడపడం వేరే సంగతి. సీటు ఎత్తు 740 మిల్లీమీటర్లు కావడం వల్ల రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనుతాయి, ఆగి ఉన్నప్పుడు భయం ఉండదు. కానీ బ్రాడీపేట సందుల్లో ఒక్కసారిగా తిప్పడం కుదరదు, రివర్స్ గేరు లేదు కనుక ముందు చక్రాన్ని వాలు వైపు పెట్టి ఆపితే మళ్లీ వెనక్కి తీయడానికి ఇంకొకరు కావాలి. అందుకే ఎక్కడ ఆపినా ముందు వాలు చూసుకుంటాను. మే నెలలో బెంజి సర్కిల్ దగ్గర సిగ్నల్ పడితే మరో బాధ. ఇంజిన్‌ను చల్లబరిచేది గాలి, ఆయిల్ మాత్రమే. బండి కదలకపోతే గాలి లేదు, ఆ వేడి అంతా పిక్కలకూ మడమలకూ తగులుతుంది. పల్చటి ప్యాంటుతో పగటిపూట విజయవాడ నడుమ తిరగడం నేను మానేశాను.

నా భార్యకు బ్యాక్‌రెస్టు బాగా నచ్చింది, ఒంగోలు దాకా దిగకుండా కూర్చుంటుంది. విండ్‌స్క్రీన్ కూడా డబ్బుకు తగినదే. సాడిల్ బ్యాగులు సైలెన్సరుకు ఆనకుండా విజయవాడ ఆటోనగర్‌లో ఇనుప స్టేలు (ఆపు కడ్డీలు) చేయించుకున్నాను, ఇప్పటికీ వదులు కాలేదు. చైన్ విషయం మాత్రం ముందే తెలుసుకోవాలి. బండితో సెంటర్ స్టాండు రాదు. వెనక చక్రాన్ని లేపే ప్యాడక్ స్టాండు విడిగా కొనుక్కోకపోతే, చైన్ కొంచెం శుభ్రం చేయడం, బండిని ఒక అడుగు నెట్టడం, మళ్లీ శుభ్రం చేయడం ఇలాగే సాగుతుంది. దూర ప్రయాణం చేసి వచ్చిన ప్రతిసారీ ఆ పని తప్పదు.

ధర సంగతి కూడా చూసుకోవాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ దాటిన బండ్ల మీద జీఎస్టీ 40 శాతమైంది, ఆలోపు వాటికి 18 శాతమే. నెలలో ఎక్కువ రోజులు ఊరు దాటని వారికి 350 సీసీ క్రూయిజర్ చాలు. దూరాలు తిరిగేవారికి మాత్రం ఇది సంతోషంగా కొనమని చెప్పదగిన బండి, నేను దీన్ని అమ్మే ఆలోచనలో లేను. మా ఇంట్లో కూరగాయలకూ బ్యాంకు పనులకూ స్కూటరు ఉంది. అది లేని ఇంటికి ఈ బండి ఒక్కటే కొనుక్కోమని నేను చెప్పను.